తూము మార్చినంత చెరువు నిండునా?

చమురు పరిశ్రమను గూర్చి పత్రికలలో వ్రాయువారిలోను, సభలలో ఉపన్యసించువారిలోను, యంత్రసామగ్రి విక్రయించువారిలోను ఒక అభిప్రాయము గడచిన పాతికేండ్లలో వేళ్లూని, నేడు ప్రశ్నింపరాని సిద్ధాంతముగా చలామణి యగుచున్నది. భూగర్భమున వేలకొలది అడుగుల లోతున వాల్వులను, పీడనమును ఉష్ణమును కొలుచు గేజీలను అమర్చి, వానిని ఉపరితలము నుండియే నడుపగలిగిన స్మార్ట్ వెల్ వచ్చినది గనుక, ఇకమీదట రిజర్వాయరునుండి దక్కు చమురు భాగము దానంతటదే పెరుగుననియు, బావిలోనికి మరల రిగ్గు తెచ్చి దిగవలసిన అగత్యము తీరిపోవుననియు, ముంబయి హై వంటి వయసు మళ్లిన క్షేత్రములు గాని, మన కృష్ణా గోదావరి తీరమున ఆశపెట్టి నిరాశపరచిన వాయుక్షేత్రము గాని క్షీణించుటకు మూలకారణము ఈ విద్య మనకు తగినంతగా అందకపోవుటయే ననియు ఆ సిద్ధాంతసారము. వీనిలో మొదటి మాట సగము నిజము. రెండవది ముప్పాతిక నిజము. మూడవది బొత్తిగా అసత్యము. మూడింటిని ఒకే ఊపిరిలో చెప్పుటచేత మొదటి రెంటిలోని నిజము మూడవదానికి కూడ అంటుకొని, వినువారిని భ్రమింపజేయుచున్నది.

ముందుగా వస్తువేదో చూతము. సామాన్యమైన చమురు బావిలో ఉక్కు కేసింగు లోపల ట్యూబింగు అను సన్నని గొట్టము వ్రేలాడుచుండును. చమురు దానిగుండ పైకి వచ్చును. బావి రెండు మూడు స్తరములను దాటిపోయినపుడు గాని, ఒకే స్తరములో అడ్డముగా రెండు మూడు కిలోమీటర్లు సాగినపుడు గాని, ఏ భాగము ఎంత చమురు నిచ్చుచున్నదో, ఏ భాగము నీటిని క్రక్కుచున్నదో పైనున్నవారికి తెలియదు. వచ్చినదంతయు ఒక్క గొట్టములో కలగలిసి వచ్చును. స్మార్ట్ వెల్‌లో ఈ పొడవును ప్యాకరులతో గదులుగా విభజింతురు. ఒక్కొక్క గదికి ట్యూబింగుపై ఒక్కొక్క వాల్వును, దాని చెంతనే గేజిని అమర్తురు. వాల్వును కదలించుటకు పావు అంగుళము వ్యాసముగల ఉక్కు గొట్టములలో హైడ్రాలిక్ ద్రవమును పీడనముతో పైనుండి పంపుదురు. నేరుగా ద్రవపీడనముతో నడుచు పద్ధతిలో మూడు వాల్వులకు నాలుగు గొట్టములు కావలయును: తెరచుటకు ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి, మూయుటకు అన్నింటికిని కలిపి ఒకటి. ఈ సన్నని గొట్టములను, గేజి కేబులును ట్యూబింగు వెంట బిగించుచు, ప్రతి అతుకు వద్దను క్లాంపు వేయుచు, వేల అడుగులు దింపవలెను. రిగ్గు నేలమీద స్లిప్పుల నడుమ ఒక్క గొట్టము నలిగినయెడల దింపినదంతయు పైకి లాగక తప్పదు. ఈ పనిలో చేయి తిరిగినవారి నేర్పును తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. ఆ నేర్పును చూపి దానికి సంబంధము లేని వాగ్దానములు చేయువారితోనే నాకు వాదము.

1997 ఆగస్టులో నార్వే తీరమునకు ఆవల, ఉత్తర సముద్రములోని స్నోర్రె క్షేత్రమున, సాగా పెట్రోలియం సంస్థవారి తేలియాడు వేదికపై ఇట్టి బావి మొట్టమొదట పూర్తియైనది. నాటినుండి షెల్, హాలిబర్టన్, బేకర్, ష్లంబర్జర్ వంటి మహాసంస్థలన్నియు ఈ త్రోవ పట్టినవి; వానిలో మొదటి రెండును చేతులు కలిపి వెల్‌డైనమిక్స్ అను పేర దీనికై ఒక ప్రత్యేక సంస్థనే నెలకొల్పినవి. చరిత్ర ఇంతమాత్రము చాలును. మనము గమనింపవలసినది ఆ వాల్వు స్వభావము. అది చేయగలిగినది ఒక్కటే: మూయుట, లేక కొంత మూయుట. పూర్తిగా తెరచియున్న వాల్వు, వాల్వు లేని రంధ్రముకంటె ఒక్క బొట్టయినను అధికముగా నీయదు. దారి ఇరుకైనది గనుక కొంత తక్కువయే ఈయవచ్చును. దానిని పెట్టినందుకు ఫలము, నేడు వచ్చుచున్న ద్రవమును కొంతకాలము వద్దనుకొని, నీరో వాయువో చొరబడుచున్న భాగమును బంధించి, తక్కిన భాగములలోని చమురు మెల్లగా బావిని చేరుటకు అవకాశమిచ్చుటలో నున్నది. ఇది నిగ్రహవిద్య. దీనిని వేగవిద్యగా అమ్ముచున్నారు. కొనువారును వేగవిద్యగానే కొనుచున్నారు. నేటి దురభిప్రాయమునకు బీజమిదియే.

మన పల్లెల చెరువులకు నీరటి యుండెడివాడు. ఏ తూము ఎప్పు డెత్తవలెనో, ఏ ఆయకట్టునకు ఎన్ని జాముల నీరు వదలవలెనో అతడు ఎరుగుట, చెరువులో నీరెంత యున్నదో, ఎగువ వాన ఎప్పుడు కురియునో, ఎవరి మడిలో పైరు పొట్టకు వచ్చినదో తెలిసియుండుటచేతనే గాని, తూముతలుపు నునుపుగా కదలుటచేత గాదు. చెక్కతలుపు తీసి ఇనుపతలుపు పెట్టి, దానికి మోటారు బిగించి, చావడిలో కూర్చుండి మీట నొక్కునట్లు చేసినను చెరువు ఒక్క అంగుళమైనను లోతు కాదు. నీరటికి రాత్రివేళ గట్టుమీదికి పోవు శ్రమ తప్పును, తూము వేళకు మూతపడును, ఇవి లాభములే. అయితే పెద్ద ఆసామి గదమాయించినపుడు తూము మూయ నోరులేని నీరటికి చెక్కతలుపైనను ఇనుపతలుపైనను ఒక్కటియే.

స్మార్ట్ వెల్‌లను పొగడువారు తరచుగా ఉదాహరించు దేశము నార్వే. ఆ దేశమునే పరీక్షింతము. అందులో ట్రోల్ క్షేత్రమును. 1979లో కనుగొనబడిన ఈ మహాక్షేత్రము ప్రధానముగా వాయుక్షేత్రము. నార్వే తీరమునందలి మొత్తము వాయునిల్వలలో సుమారు నూటికి నలుబది పాళ్లు దీనియందే యున్నట్లు ప్రసిద్ధి. దాని పశ్చిమభాగమున వాయువునకు క్రిందను నీటికి పైనను ఒక పలుచని చమురు పొర కలదు: కొన్నిచోట్ల 22 నుండి 26 మీటర్లు, మరికొన్నిచోట్ల 12 నుండి 14 మీటర్లు మాత్రమే. నిలువుబావి త్రవ్వినచో పైనుండి వాయువు శంకువువలె దిగును, క్రిందినుండి నీరు శంకువువలె లేచును. చమురు నడుమ చిక్కుకొని మిగిలిపోవును. అందుచేత తొలినాళ్లలో ఆ చమురు లెక్కకు రాదని తలచినవారు చాలమంది. నోర్స్క్ హైడ్రో సంస్థ ఇంజనీరులు పట్టువిడువక, ఆ పలుచని పొరలో అడ్డముగా కిలోమీటర్లకొలది సాగు బావులను త్రవ్వి, 1995 నుండి చమురు తీయ నారంభించిరి. అయితే అడ్డుబావికి తనదైన చిక్కు కలదు. ప్రవాహము గొట్టమును ఒరసికొని పోవుటచేత బావి వంగి అడ్డము తిరిగిన మొదటిభాగమున పీడనము అధికముగా పడిపోయి, అక్కడి శిలనుండియే ఎక్కువ ద్రవము లాగబడును. చిట్టచివరి భాగము దాదాపు నిద్రించుచుండును. మొదటిభాగముననే వాయువు ముందుగా దిగి బావి చెడును. దీనికి హైడ్రోవారు కనిపెట్టిన చికిత్స ఏమి? వాల్వు కాదు, కేబులు కాదు, కంప్యూటరు కాదు. బావి పొడవున ఇసుకజల్లెడల వెంట సన్నని వంకర దారులను అమర్చి, ఎక్కడ ద్రవము ఎక్కువగా చొరబడునో అక్కడ దానికి ఎక్కువ అడ్డు తగులునట్లు చేసిరి. కదలు భాగ మొక్కటియును లేదు. ఒకసారి దింపిన తరువాత దానిని ముట్టుకొను పని లేదు. ఒకనాడు పనికిరాదని ప్రక్కకు నెట్టిన ఆ పలుచని పొరను నార్వేకు ప్రధానమైన చమురు నిక్షేపములలో ఒకటిగా నిలిపిన సాధనములలో అడ్డుబావితో పాటు ఈ మూగ పరికరమును చెప్పక తప్పదు.

ట్రోల్‌ను గూర్చి ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. దానిని మాత్రము స్మార్ట్ వెల్ ప్రచారకులు ప్రస్తావింపరు. ఆ చమురు పొరపై నున్న వాయుటోపీని ముందుగా తీసినచో పీడనము పడి, చమురు పైకి జరిగి, వాయువు ఖాళీ చేసిన ఇసుకరాతికి అంటుకొని, మరల ఏ బావికిని దక్కకుండ పోవును. అందుచేత నార్వేవారు తూర్పుభాగమునందలి వాయువును 1996 నుండి తీసికొనుచు, పశ్చిమభాగపు వాయుటోపీని చమురుకొరకు కావలి కాచిరి. దానిని విక్రయార్థము తీయుటకై చేపట్టిన మూడవ దశ ప్రారంభమైనది 2021 ఆగస్టులో. అనగా కొనువారు వాకిట నిలిచియుండగా, ఐరోపాలో వాయువు ధర పెక్కుమారులు పైకెగసి క్రిందపడగా, ఒక ప్రభుత్వమును, దాని లైసెన్సుదారులును పాతికేండ్లకు పైగా చేయి కట్టుకొని కూర్చుండిరి. ఈ ఓర్పును ఏ సంస్థ కేటలాగులో వెల కట్టి అమ్మును?

సౌదీ అరేబియాలోని హరద్ మూడవ విభాగము ఇట్టి మరియొక ప్రసిద్ధోదాహరణము. ప్రపంచమున నెల్ల పెద్దదైన ఘవార్ క్షేత్రపు దక్షిణాగ్రమున, శాఖోపశాఖలుగా చీలి ఒక్కొక్కటి అయిదు కిలోమీటర్లకు పైగా శిలను తాకు 32 బావులతో, ప్రతి శాఖకును వాల్వు పెట్టి, 2006లో రోజుకు 3 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తికి దానిని సిద్ధపరచిరి. ఫలితము ప్రశంసనీయమే. కాని ఆ బావుల యజమాని ఎవరు? అవసరమైనపుడు ఉత్పత్తిని తగ్గించి, మిగులు సామర్థ్యమును ఊరక నిలిపియుంచుటయే జాతీయనీతిగా గల రాజ్యము. నీరు కనబడిన శాఖను మూసి మెల్లగా తీయుడని ఇంజనీరు చెప్పినపుడు, ఈ త్రైమాసికపు లెక్క ఏమగునని అడుగు వాటాదారుడు నాడు అక్కడ లేడు. అదే వాల్వును తొందరపడు యజమాని చేతికిచ్చి చూడుడు. మూయవలసిన దినమున అది తెరచియే యుండును.

తొందరపడు విద్య ఏ గతి పట్టునో తెలిసికొనుటకు ఒమాన్‌లోని యిబాల్ క్షేత్రము చాలును. అక్కడ 1990లలో అడ్డుబావులను విరివిగా త్రవ్విరి. అవి స్మార్ట్ వెల్‌లు కావు గాని, నాడు వానిని గూర్చి పలికిన స్తోత్రములకును నేడు స్మార్ట్ వెల్‌లను గూర్చి పలుకు స్తోత్రములకును పేరు తప్ప భేదము లేదు. ఉత్పత్తి పైకెక్కినది, 1997లో శిఖరము చేరినది, పిమ్మట కొలది సంవత్సరములలోనే సగమునకు దిగువకు జారిపోయినది, బావులనుండి వచ్చు ద్రవములో అత్యధికభాగము నీరే యయ్యెను. కొత్తవిద్య చమురును పెంచలేదు. రేపటిదానిని ఈనాటికి లాగి, క్షీణత దాపురించుచున్న సంగతిని కొంతకాలము కప్పిపుచ్చినది. 2004 జనవరిలో షెల్ సంస్థ తన నిరూపిత నిల్వలలో సుమారు నూటికి ఇరువది పాళ్లు, అనగా 390 కోట్ల బ్యారెళ్లు, ఆ పద్దునుండి తొలగించవలసివచ్చి, దాని అధ్యక్షుడు పదవి వీడినపుడు, తిరిగి పరీక్షింపబడిన లెక్కలలో ఒమాన్ లెక్కలును ఉండెను. నిల్వ వేరు, వేగము వేరు అను ప్రాథమికపాఠము అంతటి సంస్థకే అంత ఖరీదుగా బోధపడినది.

దక్కు భాగము నిజముగా పెరిగిన చోట ఏమి జరిగినదో కూడ చూడవలెను. ఉత్తర సముద్రములోనే ఎకోఫిస్క్ కలదు. 1969లో కనుగొనబడిన ఈ సుద్దరాతి క్షేత్రమునుండి రమారమి నూటికి 17 పాళ్లు మాత్రమే దక్కునని మొదట అంచనా వేసిరి. 1987లో పెద్దయెత్తున సముద్రజలమును రాతిలోనికి ఎక్కింప నారంభించిరి; నేడు అంచనా నూటికి ఏబదిని దాటినది. సుద్దరాయి నీటిని పీల్చుకొని చమురును వెడలగొట్టునా, లేక నీటి తాకిడికి మెత్తబడి కూలిపోవునా అను సంశయముపై ఏండ్ల తరబడి ప్రయోగశాలలో రాతిముక్కలను నానబెట్టి, క్షేత్రమున చిన్నయెత్తున ప్రయోగించి చూచి, అటుపిమ్మట ధైర్యము చేసిరి. ఈలోగా సముద్రపు అడుగు క్రుంగిపోవుచుండగా, అదే 1987లో ఉక్కు వేదికలను సముద్రమధ్యమున ఆరు మీటర్లు పైకెత్తిరి. మూడింతలైన ఫలమునకు మూలము వాల్వు కాదు. స్నోర్రెలో మొదటి వాల్వు దిగుటకు పదియేండ్ల పూర్వమే ఈ నిర్ణయము జరిగినది. రాతిని తెలిసికొనుట, పీడనమును నిలుపుట, ఖర్చును ముందుగా భరించుట, ఫలమునకై దశాబ్దములు వేచియుండుట, ఇవియే అచ్చట పనిచేసినవి.

ఇచ్చట ప్రతివాది ఒక మాట అనవచ్చును: "రాతిని తెలిసికొనుటకే గదా గేజీలు పెట్టుచున్నాము!" ఈ వాదము బలమైనదే గనుక దీనియొద్ద కొంత నిలువవలెను. సెకనుకొక కొలత తీయు గేజి ఒక దినమున 86,400 అంకెలను పైకి పంపును. నలుబది గేజీలున్న క్షేత్రమున ముప్పదినాలుగు లక్షలకు మించిన అంకెలు వచ్చును. అవి చెప్పునది ఎనిమిదిన్నర అంగుళముల రంధ్రపు గోడవద్ద పీడన మెంతయో మాత్రమే. ఆ బావికిని, కిలోమీటరు దూరమున నీరెక్కించు బావికిని నడుమ ఏ పగులు వెంట నీరు పరుగెత్తి వచ్చుచున్నదో గేజి చూడలేదు. ఊహింపవలెను, నమూనా కట్టవలెను, నీరు నిజముగా వచ్చిన పిమ్మట నమూనాను దిద్దుకొనవలెను. హాలెండులోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయమున బ్రౌవర్, యాన్సెన్ అను పండితులు ఏ వాల్వును ఎప్పుడు ఎంత తెరవవలెనో గణితముతో ముందుగా నిర్ణయించు మార్గమును 2004లో ప్రకటించిరి. అది అందమైన గణితమే. 2008లో బ్రూగ్ అను పేర ఒక కల్పితక్షేత్రమును సృష్టించి, 20 ఉత్పత్తి బావులు, 10 నీటిబావులు పెట్టి, దానికి 104 వేర్వేరు నమూనాలనిచ్చి, పలు బృందములను పోటీకి పిలిచిరి. అది శాస్త్రమునకు ఉపకరించిన పరీక్ష. కాని ఆ క్షేత్రపు నిజస్వరూపము నిర్వాహకుల కంప్యూటరులో భద్రముగా నున్నది. కావలసినపుడు తీసి, ఎవరి ఊహ ఎంత సరిపోయినదో పోల్చి చూడవచ్చును. గోదావరి ముఖద్వారమునకెదుట సముద్రగర్భమున నున్న ఇసుకల నిజస్వరూపము ఎవరి కంప్యూటరులో నున్నది? కల్పితక్షేత్రమున నెగ్గిన పద్ధతిని నిజక్షేత్రపు లాభముగా చూపి డబ్బు కట్టించుకొనుట ఆ పండితుల దోషము కాదు. వారి పత్రములలోని షరతులను విడిచి ముగింపు వాక్యములను మాత్రమే ఎత్తి చూపు వ్యాపారుల దోషము.

కొలత యుండుట వేరు, దానిని నమ్ముట వేరు. 2010 ఏప్రిల్ 20వ తేదీన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను రిగ్గుపై, మకోండో బావిని మూసిపెట్టుటకు ముందు పీడనపరీక్ష చేసిరి. డ్రిల్లు పైపుపై గేజి 1,400 పి.యస్.ఐ. చూపినది, ప్రక్కనున్న కిల్ లైనులో ప్రవాహము లేదు. ఈ రెండును పొసగవు, పొసగకపోవుట ప్రమాదసూచనయే. అచ్చటివారు అంకెను చూడకపోలేదు. చూచి, దానికొక సమాధానము కల్పించుకొని, పరీక్ష సఫలమైనదని తీర్మానించిరి. ఆ రాత్రియే పదునొకండుమంది మరణించిరి. అది త్రవ్వకములోనున్న బావియే గాని స్మార్ట్ వెల్ కాదని నాకు తెలియును. అయితే గేజీలను పెంచినకొలది వివేకము పెరుగునను నమ్మికకు ఇంతకంటె కఠినమైన ప్రత్యుత్తరము లేదు. పని జాప్యమగుచున్నది, ఖర్చు పెరుగుచున్నది, పైవారు తొందరపెట్టుచున్నారు. అట్టి వేళ అంకె తనకు అనుకూలముగా పలుకునని మనసు ఆశించును, ఆశించిన అర్థమే వినబడును.

రిగ్గు అవసరము తీరునను రెండవ మాట ముప్పాతిక నిజమని యంటిని. లోతైన సముద్రమున ఒక స్తరము నీరు పట్టినపుడు, దానిని మూయుటకు తేలియాడు రిగ్గును తెచ్చి, ట్యూబింగు లాగి, వారములు పనిచేయించుటకు అగు వ్యయమును తలచినచో, కూర్చున్నచోటనుండి నిమిషములలో మూయగల వాల్వు తన వెలను ఒక్కసారితోనే తీర్చుకొనవచ్చును. ఇది నిష్పాక్షికముగా అంగీకరింపవలసిన లాభము. మిగిలిన పావు ఏమనగా, వాల్వుయొక్క దారిలో కాల్షియము, బేరియము లవణములు పేరుకొనును. నెలల తరబడి కదలింపనిచో అది బిగుసుకొనును. ఇసుక వచ్చు బావిలో ఒరసికొని అరుగును. గేజి కేబులు తడిసి మూగబోవును. చెడిన వాల్వును మార్చుటకు ట్యూబింగంతయు పైకి లాగవలెను. పిలువనక్కరలేదన్న రిగ్గునే అప్పుడు పిలువవలెను, సామాన్యపు బావిలో కంటె ఎక్కువ చిక్కుతో. అందుచేతనే అనుభవజ్ఞులు బాగుగానున్న వాల్వును కూడ అప్పుడప్పుడు ఊరకనే తెరచి మూయుచుందురు. ఉత్పత్తిని ఒక పూట తగ్గించు ఈ పనికి అనుమతి దొరకుట ఎంత కష్టమో బావులవద్ద పనిచేసినవారినే అడుగవలెను.

ఇదంతయు విని, సరే, ఈ స్మార్ట్ వెల్ ధనికుల ఆటవస్తువు, మనకేల అనువారు కొందరు బయలుదేరుదురు. వారితో నాకు పొత్తు లేదు. పలుచని పొర, లోతైన సముద్రము, వేర్వేరు పీడనములుగల పెక్కు స్తరములు, ఈ మూటిలో ఏది యున్నను ఈ విద్యకు తావున్నది.

ఇక మన క్షేత్రములు క్షీణించుటకు ఈ విద్య అందకపోవుటయే కారణమను మూడవ మాట. రిలయన్స్ సంస్థవారి కె.జి. డి6 బ్లాకులో ధీరూభాయి 1, 3 క్షేత్రములనుండి 2009 ఏప్రిల్‌లో వాయువు గాడిమొగ తీరమునకు చేరినపుడు తెలుగుదేశమున ఎట్టి ఆశలు పుట్టినవో జ్ఞాపకమున్నవారు చాలమంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు అని ప్రణాళిక. 2010లో 6 కోట్లను దాటి, అక్కడినుండి దిగజారి, కొలది యేండ్లలోనే ప్రణాళికలో అయిదవవంతు కూడ లేకుండ పోయి, 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రములు పూర్తిగా ఆగిపోయినవి. అనుకొనిన సంఖ్యలో బావులు త్రవ్వకపోవుటచేతనే ఇట్లయినదని ప్రభుత్వపక్షము. భూగర్భము ఊహించినట్లు లేదని, నీరును ఇసుకయు బావులలో చొరబడినవని సంస్థపక్షము. వారి తగవు మధ్యస్థుల యెదుటికెక్కినది. తీర్పు చెప్పుట నా పని కాదు. కాని ఏ పక్షమువారును స్మార్ట్ వాల్వులు లేకపోవుటయే కారణమని వాదింపలేదన్నది గమనింపుడు. మొదట సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులు దక్కునన్న లెక్క, తరువాత దాదాపు మూడవవంతుకు కుదించబడినది. పోయినది నియంత్రణ కాదు. ఎంత యున్నదను జ్ఞానము. ఉన్నదనుకొన్న మూడింటిలో రెండు వంతులు రాతిలో లేనప్పుడు, లేక బావికి అందనప్పుడు, ఏ వాల్వు వానిని తెచ్చును? నీరు చొరబడిన బావిని త్వరగా మూయగలిగియుందురు. మూసినదానివలన ఉత్పత్తి మరికొంత ముందే తగ్గియుండును. గృహస్థులును, ఎరువుల కర్మాగారములును, విద్యుత్కేంద్రములును ఎదురుచూచిన వాయువు దానివలన పుట్టియుండదు.

ముంబయి హై కథ వేరు. 1974లో కనుగొని, 1976లో ఉత్పత్తి మొదలిడి, దేశపు చమురు కొరతను చాలవరకు తీర్చిన ఈ సున్నపురాతి క్షేత్రము 1980ల చివర శిఖరమునకెక్కి దిగినది. నీరెక్కించు పని 1980ల నడుమగాని ఊపందుకొనలేదు. విదేశమారకద్రవ్యపు కొరతచే బావులనుండి వీలైనంత లాగవలెనను ఒత్తిడి అధికముగా నుండెను. పీడనము పడి, వాయువు అధికముగా వచ్చు బావులను పిమ్మట మూయవలసివచ్చినది. ఆ దినములలో ఇంజనీరులకు ఏ బావిని తగ్గింపవలెనో తెలియకపోలేదు. వాల్వులు బావితలపై ఉండనే యుండెను. ప్రవాహమును తగ్గించు ఆ చోకును రెండు చుట్లు త్రిప్పుటకు అంతరిక్షవిద్య అక్కరలేదు. త్రిప్పుమను ఆజ్ఞ రాలేదు. భూమిపైనున్న వాల్వును మూయలేని వ్యవస్థ, వేల అడుగుల క్రిందనున్న వాల్వును మూయునని నమ్ముట ఎట్లు?

2025 జనవరిలో ఈ క్షేత్రమునకు బి.పి. సంస్థను సాంకేతికసేవకై పదియేండ్లకు ఎన్నుకొనినట్లు ఓ.యన్.జి.సి. ప్రకటించినది. చమురు నూటికి 44, వాయువు నూటికి 89 పాళ్లు అడుగురేఖకు మించి పెంచగలమని బి.పి. సూచించినదట, మొదటి రెండేండ్లకు నియతరుసుము, తరువాత అదనపు ఉత్పత్తివలన వచ్చు ఆదాయములో భాగము. ఆ సంస్థకు సామర్థ్యము లేదని నే ననను. ఈ యేర్పాటులో కుట్ర కలదనియు అనను. కాని స్మార్ట్ వెల్‌లు వచ్చుచున్నవి, ఇక ముంబయి హై పునర్యౌవనము పొందునని వ్రాయుచున్న సోదరులను ఒక్కటి అడిగెదను. రేపు ఒక స్తరమున నీరు తలచూపినపుడు దానిని ముందుగా మూసినచో ఈ యేటి ఉత్పత్తి తగ్గును. దానివలన దక్కు చమురు పండ్రెండవయేటనో పదునైదవయేటనో బావికి చేరును. అప్పటికి ఒప్పందము గడువు తీరియుండును. అట్లు మూసినందుకు ప్రతిఫలము ఏ పద్దులో వ్రాయుదురు? మూయుమని చెప్పిన ఇంజనీరుకు, లక్ష్యము తప్పినందుకు సంజాయిషీ అడుగకుండ కాపాడు నిబంధన ఏది? ఆ పద్దును, ఆ నిబంధనను కాగితముపై చూపినవారితో ఎన్ని వాల్వులు కావలెనో, ఎవరినుండి కొనవలెనో చర్చింప నేను సిద్ధముగనే యున్నాను.